బ్రూస్ మెట్జ్‌గర్: నలభై ఆరేళ్ళు ఒకే గ్రంథం ముందు కూర్చున్న పండితుడు ఏం చేసినట్టు?

ప్రశ్న: రెండో ఏడు గ్రీకు

అందరికీ వందనాలు. నేను ఒక వేదాంత కళాశాలలో బి.డి. (వేదాంత పట్టా) రెండో సంవత్సరం చదువుతున్నాను. మాకు కొత్త నిబంధన గ్రీకు చెప్పే అయ్యగారు తరగతికి వచ్చేటప్పుడు గ్రీకు పాఠంతోపాటు మరొక లావుపాటి పుస్తకాన్ని కూడా చంకలో పెట్టుకుని వస్తారు. ఫలానా వచనంలో ఈ మాట ఎందుకుంది, ఆ మాట ఎందుకు లేదు అని మేము అడిగితే తాను జవాబు చెప్పరు. ఆ పుస్తకం తెరిచి, సంబంధించిన పేరా చదివి, తెలుగులో విడమరిచి ఊరుకుంటారు. అది బ్రూస్ మెట్జ్‌గర్ రాసిన పాఠ వ్యాఖ్యానం. రెండేళ్ళుగా ఆ పేరు వింటున్నాను గాని, ఆ మనిషి గురించి తెలుగులో చదవడానికి నాకేమీ దొరకలేదు.

ఇంగ్లీషులో దొరికినది చదివాక నా అయోమయం ఇంకా పెరిగింది. టిషెండార్ఫ్ అనే జర్మన్ పండితుడి సంగతి నాకు కొంత తెలుసు. ఆయన 1844లో సీనాయి కొండ దిగువనున్న మఠానికి వెళ్ళడం, 1859లో మళ్ళీ వెళ్ళి నాలుగో శతాబ్దపు సీనాయి ప్రతిని, అంటే గ్రీకు బైబిలు చేతిరాత ప్రతిని, లోకానికి చూపించడం, దాన్ని 1933లో సోవియట్ ప్రభుత్వం లక్ష పౌన్లకు బ్రిటిష్ మ్యూజియానికి అమ్మడం, ఇవన్నీ పదిమందికి చెప్పుకోదగిన కథలు. మెట్జ్‌గర్ జీవితంలో అలాంటిదేదీ కనిపించదు. చదివిన సెమినరీలోనే పాఠాలు చెప్పి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఒక కొత్త ప్రతిని కనుగొన్నట్టు గాని, ఒక పెద్ద సిద్ధాంతాన్ని ప్రతిపాదించినట్టు గాని ఎవరూ రాయలేదు. అయినా ఇరవయ్యో శతాబ్దపు కొత్త నిబంధన పాఠ పరిష్కర్తల్లో, అంటే ప్రతులను పోల్చి మూలపాఠాన్ని తేల్చేవారిలో, ఆయన పేరే ముందు చెబుతారు. అసలు ఆయన రోజూ చేసిన పని ఏమిటి? ఐదారుగురు పండితులు ఒక గదిలో కూర్చుని దేవుని వాక్యంలో ఏ మాట ఉండాలో చేతులెత్తి నిర్ణయించారన్న మాట నిజమేనా?

మరొక సందేహం కూడా ఉంది. మా సంఘంలో ఒక పెద్దాయన, నేను ఈ విషయంలో పై చదువు చదవాలని అనుకుంటున్నానని తెలిసి, మెట్జ్‌గర్ శిష్యుడు బార్ట్ ఎర్మన్ విశ్వాసం వదులుకున్న సంగతి తెలుసా అని నాన్నగారి ఎదుటే అడిగారు. నాన్నగారు అప్పటికి ఏమీ అనలేదు గాని, ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అదే ఎత్తారు. తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు: తాళపత్రం

మీ మొదటి సందేహానికి మాత్రమే ఇప్పుడు జవాబు రాస్తాను. నేను క్రైస్తవ వేదాంతం చదివినవాణ్ణి కాదు. తెలుగు కావ్యాల పాఠాంతరాలతో, అంటే ప్రతుల మధ్య మాటల తేడాలతో, చాలాకాలం కుస్తీ పట్టినవాణ్ణి. ఆ దారిలోనే మెట్జ్‌గర్ పుస్తకాలు నా చేతికి వచ్చాయి.

ఆయన 1914 ఫిబ్రవరి 9న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మిడిల్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. దగ్గరలోనే ఉన్న లెబనాన్ వ్యాలీ కళాశాలలో 1935లో పట్టా పుచ్చుకుని, ప్రిన్స్‌టన్ వేదాంత సెమినరీలో చేరి, 1938లో అక్కడి చదువు పూర్తిచేశారు. అదే ఏడాది అక్కడే గ్రీకు బోధించడం మొదలుపెట్టి, 1984లో డెబ్భయ్యో ఏట విరమించేదాకా ఆ ఆవరణ విడిచిపెట్టలేదు. మధ్యలో 1939లో ప్రెస్బిటేరియన్ సంఘంలో అభిషేకం పొందారు. 1944లో సెమినరీ అధ్యక్షుడు జాన్ మెకే కుమార్తె ఇసొబెల్‌ను వివాహం చేసుకున్నారు. 1954లో ఆచార్యులయ్యారు. చనిపోయింది 2007 ఫిబ్రవరి 13న, తొంభై మూడో పుట్టినరోజు వెళ్ళిన నాలుగో నాడు. బయటి జీవితం అంతవరకే. ఇందులో మీరు కథ వెతికితే దొరకదు.

పని సంగతికి వద్దాం. సెమినరీలో గ్రీకు చెబుతూనే ఆయన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాల శాఖలో పరిశోధన చేసి, 1942లో డాక్టరేటు పొందారు. ఎంచుకున్న విషయం ఒక గ్రీకు సువార్త పాఠావళి. పాఠావళి అంటే సువార్త మొదటినుంచి చివరిదాకా వరుసగా రాసిన ప్రతి కాదు. ఏ ఆదివారం, ఏ పండుగనాడు ఆరాధనలో ఏ భాగం చదవాలో ఆ క్రమంలో ముక్కలుగా రాసుకున్న పుస్తకం. అప్పటికి పండితుల దృష్టి ఎక్కువగా నాలుగో శతాబ్దపు పెద్ద కోడెక్సుల (తోలు పుటల చేతిరాత పుస్తకాల) మీద, ఈజిప్టు ఇసుకలో బయటపడుతున్న పపైరస్ (రెల్లు కాగితం) ముక్కల మీద ఉండేది. 1930ల్లోనే చెస్టర్ బీటీ అనే సేకర్త సంపాదించిన పపైరస్‌లు అచ్చయ్యాయి. యోహాను సువార్తలోని అరచేతిలో ఇమిడే ముక్క ఒకటి, ఇప్పుడు మాంచెస్టరులో ఉన్నది, 1935లో వెలుగు చూసింది. అంతటి సందడిలో ఒక యువకుడు మధ్యయుగపు ఆరాధన పుస్తకాన్ని పరిశోధనకు ఎంచుకోవడం నాకు ఆయన స్వభావాన్ని పట్టిచ్చే మొదటి గుర్తుగా కనిపిస్తుంది.

ప్రతిని సరిపోల్చడం అంటే ఏమిటో ఎప్పుడూ చేయనివారికి మాటల్లో చెప్పడం కష్టం. అచ్చయిన ఒక పాఠాన్ని కొలబద్దగా ముందు పెట్టుకుని, చేతిరాత ప్రతిని అక్షరం వెంట అక్షరం చదువుతూ, తేడా వచ్చిన ప్రతిచోటా దాన్ని గుర్తించుకుంటూ పోవాలి. ఒకే రకంగా ముగిసే రెండు పంక్తుల మధ్య లేఖకుడి కన్ను జారి నడుమ పంక్తి ఎగిరిపోతుంది. అంచున ఎవరో రాసుకున్న వివరణను తరువాతివాడు మూలమనుకుని లోపలికి చేర్చేస్తాడు. మత్తయి సువార్త బాగా నోటికి వచ్చినవాడు మార్కు సువార్త రాస్తూ తెలియకుండానే మత్తయి మాట రాసేస్తాడు. మన తాటాకు ప్రతులు చూసినవారికి ఇవేవీ కొత్త కావు. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ ఎన్నెన్నో ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిపోల్పించినప్పుడు ఎదురైన చిక్కులు కూడా దాదాపు ఇవే. తేడా అంతా సంఖ్యలో ఉంది. ఇప్పటి జాబితాల్లో కొత్త నిబంధన గ్రీకు ప్రతులు, చిన్న ముక్కలతో కలిపి, ఐదు వేలకు పైబడి ఉన్నాయి. వాటికి తోడు సిరియా, కోప్తు, లాటిన్, ఆర్మేనియా, జార్జియా, ఇథియోపియా, గోతు, ప్రాచీన స్లావు భాషల తొలి అనువాదాలున్నాయి. ఈ అనువాదాలన్నిటి మీద ఆయన 1977లో రాసిన పుస్తకం చూస్తే, ఒక మనిషి ఇన్ని భాషల వాకిళ్ళలో ఎలా నిలబడ్డాడా అని ఆశ్చర్యం కలుగుతుంది.

మీలాంటి విద్యార్థికి అన్నిటికంటే ముందు పనికొచ్చేది మాత్రం ఆయన 1946లో అచ్చువేయించిన చిన్న పదపట్టిక. గ్రీకు కొత్త నిబంధనలో మొత్తం సుమారు 1,38,000 మాటలుంటే, వేరువేరు పదాలు సుమారు 5,400. వాటిలో పదిసార్లకు తక్కువ కాకుండా వచ్చేవి పదకొండు వందలకు అటూ ఇటూ. ఆ పదాలను ఎక్కువసార్లు వచ్చేవాటినుంచి తక్కువసార్లు వచ్చేవాటిదాకా వరుసగా పేర్చి, మళ్ళీ ధాతువులవారీగా కూడా పెట్టి ఇచ్చారు. కంప్యూటరు లేని రోజుల్లో, ముప్ఫై రెండేళ్ళ వయసులో, పేరు తెచ్చే సిద్ధాంత గ్రంథం కాకుండా విద్యార్థుల కోసం ఇలాంటి పట్టిక తయారుచేసిన మనిషిని పండితుల లెక్కలో ఎక్కడ పెట్టాలో మీరే ఆలోచించండి. 1964లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథం, కొత్త నిబంధన పాఠం ఎలా చేతులు మారి వచ్చిందో చెప్పేది, దీని తరువాతిదే. కమిటీ గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

జవాబు: ఒత్వం ఓత్వం

తాళపత్రం గారు నా వైపు చూస్తూ ఆపినట్టున్నారు కాబట్టి కమిటీ సంగతి నేను అందుకుంటాను.

చేతులెత్తి నిర్ణయించారా అంటే, అవును, చర్చ తరువాత మెజారిటీ అభిప్రాయమే నిలిచేది. కాని మీ ప్రశ్నలో కొంత వెటకారం ధ్వనిస్తోంది. అది పోవాలంటే ఆ పని ఎవరి కోసం మొదలైందో తెలియాలి. లోకంలోని వందల భాషల్లోకి బైబిలును అనువదిస్తున్నవారికి నమ్మదగిన ఒక గ్రీకు పాఠం చేతికివ్వాలన్న ఆలోచన అమెరికన్ బైబిల్ సొసైటీలో పనిచేస్తున్న యూజీన్ నైడా అనే భాషాశాస్త్రవేత్తది. 1955లో ఆ పని మొదలైంది. మెట్జ్‌గర్, జర్మనీనుంచి కుర్ట్ ఆలండ్, స్కాట్లండునుంచి మాథ్యూ బ్లాక్, షికాగోనుంచి ఆలెన్ విక్‌గ్రెన్ మొదలైనవారు సంపాదకులుగా తొలి ముద్రణ 1966లో వచ్చింది. తరువాత కార్లో మార్తీని అనే కతోలిక పండితుడు కూడా చేరారు. మూడో ముద్రణ 1975లో వచ్చింది.

ఈ ముద్రణలో నాకు నచ్చే విషయం ఒకటుంది. అనువాదకులకు నిజంగా అవసరమయ్యే పాఠాంతరాలను మాత్రమే, అంటే సుమారు 1,440 చోట్ల, అడుగున చూపించి, ప్రతిదానికీ ఎ, బి, సి, డి అని ఒక అక్షరం తగిలించారు. ఎ అంటే పాఠం దాదాపు నిశ్చయం. డి అంటే చాలా సందేహం ఉన్నా ఏదో ఒకటి అచ్చువేయక తప్పదు కాబట్టి వేశాం అని. తమకెంత నమ్మకముందో తామే మార్కులు వేసుకుని పాఠకుడి ముందు పెట్టే పరిష్కర్తలను మన తెలుగు ముద్రణల్లో నేను ఎక్కువగా చూడలేదు. ఆ అక్షరం వెనకనున్న వాదనను కమిటీ తరపున రాసిపెట్టిన పుస్తకమే మీ అయ్యగారి చంకలోనిది. అది 1971లో వచ్చింది. పై 1,440 చోట్లతోపాటు మరో ఆరు వందల చోట్ల గురించి కూడా అందులో రాశారు. మెజారిటీతో ఏకీభవించని సభ్యుడు తన వాదనను చతురస్ర కుండలీకరణాల్లో, తన పేరులోని పొడి అక్షరాలతో సహా, దాని కిందనే అచ్చువేయించుకోవచ్చు. వ్యాఖ్యానం రాసిన మెట్జ్‌గర్ స్వయంగా అలా ఓడిపోయిన చోట్లు కూడా ఆ పుస్తకంలోనే కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను, మీ తెలుగు బైబిలు పక్కన పెట్టుకోండి. రోమా పత్రిక ఐదో అధ్యాయం మొదటి వచనంలో గ్రీకు క్రియ ఎఖొమెన్ అయితే 'దేవునితో సమాధానం కలిగియున్నాము' అని అర్థం. ఎఖోమెన్ అయితే 'కలిగియుందము' అని. ఒక్క హ్రస్వ ఒత్వం దీర్ఘమైతే, జరిగిపోయిన సంగతి కాస్తా హితబోధగా మారుతుంది. ఒ, ఓ రెంటినీ వేరుగా రాసుకునే మనకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. హిందీవారికి చెప్పాలంటే కొంత తంటా. అయితే గ్రీకు మాట్లాడేవారి నోటిలో పౌలు కాలానికే ఈ హ్రస్వదీర్ఘాల తేడా చెరిగిపోతూ వచ్చింది. మన పాత శాసనాల్లో కూడా ఎత్వ ఏత్వాలకు, ఒత్వ ఓత్వాలకు వేరు గుర్తులుండవు, సందర్భాన్నిబట్టి చదువుకోవలసిందే. గ్రీకులో గుర్తులు వేరుగానే ఉన్నాయి గాని, వినికిడిలో తేడా లేనప్పుడు చెప్పింది విని రాసేవాడు ఏది రాస్తాడో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు కమిటీ ముందున్న చిక్కు చూడండి. సీనాయి ప్రతిలోను, అదే శతాబ్దపు వాటికన్ ప్రతిలోను మొదట రాసిన చెయ్యి దీర్ఘమే రాసింది. తరువాతి చెయ్యి దాన్ని హ్రస్వంగా దిద్దింది. ప్రతుల బలాన్నే లెక్కిస్తే 'కలిగియుందము' నిలవాలి. కాని ఆ సందర్భంలో పౌలు ఎవరినీ హెచ్చరించడం లేదు, విశ్వాసం వల్ల ఏం లభించిందో చెప్పుకుపోతున్నాడు కాబట్టి 'కలిగియున్నాము' అన్నదే పొసుగుతుందని మెజారిటీ నిర్ణయించింది. ఈ పత్రికను పౌలు చెబుతుండగా రాసినవాడు తెర్తియు అని పదహారో అధ్యాయంలో ఉంది. పౌలు హ్రస్వం పలికితే తెర్తియు చెవికి తేడా తెలియక దీర్ఘం రాసి ఉండవచ్చునని వ్యాఖ్యానంలో మెట్జ్‌గర్ అంటారు. అంటే మొట్టమొదటి ప్రతిలోనే ఆ పొరపాటు ఉండి ఉండవచ్చునన్నమాట. మన తెలుగు పాత అనువాదంలో మాత్రం 'సమాధానము కలిగియుందము' అనే ఉంది. ఆదివారం ఆ వచనం మీద ప్రసంగం వినేటప్పుడు, ఆ ఒక్క క్రియ చుట్టూ ఇంత చర్చ జరిగిందని ఎంతమందికి తెలుసు?

జవాబు: సందేహి

పై ఇద్దరూ రాసినదాంట్లో తప్పులేమీ లేవు, పొగడ్త మాత్రం కొంచెం ఎక్కువైంది. రెండో వైపు కూడా ప్రశ్న అడిగినవారికి తెలియడం మంచిది.

ప్రతి పాఠాంతరాన్నీ విడిగా తీసుకుని, ఒకచోట ప్రతుల బలాన్నిబట్టి, మరొకచోట సందర్భాన్నిబట్టి నిర్ణయించే పద్ధతి నేర్పరి చేతిలో బాగానే పనిచేస్తుంది. కాని ప్రతులన్నిటికీ ఒకదానితో ఒకదానికి ఏ చుట్టరికం ఉందో చెప్పే చరిత్ర దాన్నుంచి రాదు. రోమా 5:1 ఉదాహరణ నాకు అందుకే అంత తృప్తి కలిగించదు. ఎంతో మెచ్చుకునే రెండు ప్రతులూ ఒక మాట చెబుతుంటే, సందర్భం పేరుతో వాటిని పక్కన పెట్టారు. మరొకచోట సందర్భం ఏం చెప్పినా అవే ప్రతులను పట్టుకున్నారు. 1959లో ఆలండ్ మ్యూన్‌స్టర్ నగరంలో స్థాపించిన సంస్థ ఇప్పుడు కంప్యూటర్ల సహాయంతో పాఠాల మధ్య చుట్టరికాన్ని మొత్తంగా లెక్కగట్టి, 1997నుంచి పెద్ద ముద్రణను భాగాలుగా తెస్తోంది. మెట్జ్‌గర్ తరం ఆ మెట్టు ఎక్కలేదు.

మరొకటి. పదహారో శతాబ్దపు పండితుడు ఎరాస్మస్ గురించి ఒక కథ అందరికీ తెలుసు. పరలోకంలో సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే వాక్యం యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో లేదని ఆయన 1516లో, 1519లో అచ్చువేసిన గ్రీకు పాఠాలనుంచి వదిలేశారు. అందరూ మీదపడితే, ఒక్క గ్రీకు ప్రతిలో చూపించినా చేరుస్తానని మాట ఇచ్చారనీ, ఎవరో చూపించగానే 1522లో చేర్చారనీ ఆ కథ. మెట్జ్‌గర్ తన 1964 పుస్తకంలో దీన్ని ఉన్నదున్నట్టు చెప్పారు. తరాల విద్యార్థులు దాన్నే నమ్మారు. డి యాంగే అనే డచ్చి పండితుడు 1980లో, ఎరాస్మస్ అలాంటి మాట ఇచ్చినట్టు ఆధారమే లేదని నిరూపించాడు. మెట్జ్‌గర్ 1992 నాటి మూడో ముద్రణలో ఆ సంగతి ఒప్పుకున్నారు. అయితే ఎక్కడ? పుస్తకం చివర ఒక గమనికలో. కథ ఉన్న పేజీ మాత్రం అలాగే ఉంది. ప్రతుల్లో దిద్దుబాటు అంచున మిగిలిపోయి తప్పు లోపల నిలిచిపోవడం గురించి జీవితమంతా రాసిన మనిషి పుస్తకంలోనే అలా జరగడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పోతే, తెలుగు పాత అనువాదంలో ఆ ముగ్గురు పరలోక సాక్షుల వాక్యం లేదు. 'ఆత్మయు, నీళ్లును, రక్తమును' అన్న ముగ్గురే ఉన్నారు. కాబట్టి పాఠ విమర్శ మన సంఘాలకు కొత్తగా వచ్చిపడిన ఉపద్రవమేమీ కాదని అడిగినవారి సంఘపెద్దగారికి చెప్పవచ్చు. ఆయన నమ్మకంగా చదువుకునే పుస్తకంలోనే దాని ఫలితం ఎప్పటినుంచో ఉంది.

1982లో వచ్చిన సంక్షిప్త బైబిలుకు ఆయన ప్రధాన సంపాదకత్వం వహించడాన్ని మాత్రం నేను ఇప్పటికీ అర్థం చేసుకోలేను. మొత్తంలో దాదాపు నలభై శాతం కత్తిరించారు. ఒక్క అక్షరం కోసం పేజీలకు పేజీలు రాసినాయన అధ్యాయాలు ఎగరగొట్టే పనికి ఎలా ఒప్పుకున్నారో!

జవాబు: తాళపత్రం

సందేహి గారు ఎరాస్మస్ గమనిక గురించి చెప్పినది నిజం, నేనూ దాన్ని సమర్థించను. ఆ పుటను తిరగరాయవలసింది. సంక్షిప్త బైబిలు విషయంలో మాత్రం, ఎన్నడూ బైబిలు తెరవనివారు కొంతైనా చదువుతారన్న ఆశతో చేసిన పనిగా దాన్ని చూడవచ్చునని నా ఉద్దేశం. మీకది సరిపోకపోవచ్చు.

అనువాద కమిటీల్లో ఆయన గడిపిన కాలం గురించి ఎవరూ రాయలేదు, అది చెప్పకపోతే ఆ జీవితం సగమే తెలిసినట్టు. అమెరికాలో 1952లో పూర్తి బైబిలుగా వెలువడిన సవరించిన ఇంగ్లీషు అనువాదం, క్రీస్తు కన్యకు పుడతాడన్న ప్రవచనంగా క్రైస్తవులు చదివే యెషయా 7:14లో కన్యక అనే మాటకు బదులు యువతి అని వేసింది. దాంతో పెద్ద గొడవ రేగింది. నార్త్ కరొలైనాలో ఒక పాస్టరు ఆ పుటను అందరిముందూ తగలబెట్టాడు. కాల్చిన ప్రతి తాలూకు బూడిదను కమిటీ అధ్యక్షుడు లూథర్ వైగల్‌కు పంపినవారు కూడా ఉన్నారు. మెట్జ్‌గర్ ఆ అనువాదానికి చెందిన అపోక్రిఫా (కొన్ని సంఘాలు మాత్రమే బైబిల్లో చేర్చుకునే గ్రంథాలు) పనిలో పాలుపంచుకుని, 1977లో అదే కమిటీకి అధ్యక్షులై, 1989లో కొత్త సవరణ వెలువడేదాకా నడిపించారు. వీలైనంత మూలానుసారం, అవసరమైనంత స్వేచ్ఛ అన్నది ఆ కమిటీ పెట్టుకున్న సూత్రం. గ్రీకులో 'సహోదరులారా' అని సంఘాన్నంతా పిలిచినచోట 'సహోదర సహోదరీలారా' అనాలా అన్న ప్రశ్న మీద ఎంత వాదం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరికి అలాగే వేసి, గ్రీకులో ఉన్న మాటను అడుగున చూపించారు. పాఠం పైన, సందేహం అడుగున అన్న అలవాటు అక్కడా వదల్లేదు.

ప్రశ్న: రెండో ఏడు గ్రీకు

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. సందేహి గారు, మీరు చెప్పినట్టే నాన్నగారి ఎదుట యోహాను మొదటి పత్రిక తెరిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, చిన్నప్పటినుంచి చదువుతున్నా గాని అక్కడ ఏదో లేదని ఎవరూ చెప్పలేదన్నారు. ఎర్మన్ గారి సంగతి మాత్రం ఇంకా మిగిలే ఉంది. గురువుగారు దానికి ఏమన్నారు?

జవాబు: తాళపత్రం

ఎర్మన్ ఛాందసమైన బైబిలు పాఠశాలలో చదువు మొదలుపెట్టి, మెట్జ్‌గర్ దగ్గర నేర్చుకోవాలనే ప్రిన్స్‌టన్ వచ్చి, 1985లో డాక్టరేటు పొందారు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న అంధుడైన దిదుముస్ తన రచనల్లో సువార్తలనుంచి ఉదహరించిన వాక్యాలను బట్టి, ఆయన చదివిన పాఠం ఎలాంటిదో తేల్చడం ఆ పరిశోధన. తరువాతి కాలంలో ఆయన దేవుడున్నాడో లేడో తెలియదనే స్థితికి చేరారు. అయితే దానికి కారణం ప్రతుల్లోని తేడాలు కాదని, లోకంలో ఇంత బాధ ఎందుకుందన్న ప్రశ్నకు తనకు జవాబు దొరకకపోవడమేనని ఆయనే స్వయంగా రాశారు. ప్రతుల తేడాలను సామాన్య పాఠకులకు చెబుతూ 2005లో రాసిన పుస్తకాన్ని గురువుగారికే అంకితమిచ్చారు. అదే ఏడాది మెట్జ్‌గర్ ప్రసిద్ధ గ్రంథం నాలుగో ముద్రణ ఇద్దరి పేర్లతో వచ్చింది. ఒకే ప్రతులు, ఒకే పద్ధతి, చాలా చోట్ల ఒకే నిర్ణయం. ఒకరు చివరిదాకా ప్రెస్బిటేరియన్ పాదిరి, మరొకరు విశ్వాసం విడిచినవారు. ఈ చదువే మనిషిని ఒక వైపుకు తోస్తుందనడానికి ఆ ఇద్దరిలో ఎవరిని సాక్ష్యంగా పిలుస్తారో మీ పెద్దగారినే అడగండి.

ఒక్క కథ కూడా లేదా అని మీరు మొదట్లో నిరాశపడ్డారు కాబట్టి ఒకటి చెప్పి ఆపుతాను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మెట్జ్‌గర్‌కు పాఠాలు చెప్పిన కోల్‌మన్ నార్టన్ అనే ఆచార్యుడు, యుద్ధకాలంలో మొరాకోలోని ఫెదాలా అనే ఊళ్ళో, ఒక అరబ్బీ పుస్తకం మధ్య గ్రీకు పుట ఒకటి చూశానని చెప్పి, 1950లో ఒక పండిత పత్రికలో దాని పాఠం అచ్చువేయించాడు. మత్తయి 24:51లో 'అక్కడ ఏడ్పును పండ్లు కొరుకుటయు నుండును' అని ప్రభువు చెప్పగానే, ఆ పుటలో ఒక శిష్యుడు, పళ్ళు లేనివారి సంగతేమిటని అడుగుతాడు. అల్పవిశ్వాసీ, పళ్ళు లేనివారికి పళ్ళు ఇవ్వబడును అని జవాబు. వ్యాసం నిండా పాండిత్యం, అడుగున గమనికలు, అన్నీ ఉన్నాయి. లేనిది ఆ ప్రతి ఒక్కటే, దాన్ని మరెవరూ చూడలేదు. మెట్జ్‌గర్‌కు మాత్రం ఒక విషయం గుర్తుంది. యుద్ధానికి ముందే, తరగతి గదిలో, ఇదే ఆచార్యుడు ఇదే ముచ్చటను హాస్యంగా చెప్పి విద్యార్థులను నవ్వించాడు. ప్రాచీన కాలపు కూటరచనల మీద 1972లో అచ్చయిన వ్యాసంలో మెట్జ్‌గర్ దాన్ని బయటపెట్టారు. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని తొలిసారి అచ్చువేసినప్పటినుంచి అది ప్రాచీనమా, కల్పితమా అని మనవాళ్ళు పడిన వాదులాట తెలిసినవారికి ఈ కథలోని రుచి ఇంకా బాగా తెలుస్తుంది. మన వాదంలో మాత్రం, ఆ పద్యాలు ముందే తరగతిలో విన్నానని చెప్పే విద్యార్థి ఎవరూ దొరకలేదు.

జవాబు: ఒత్వం ఓత్వం

పళ్ళ కథ నాకు తెలియదు, ధన్యవాదాలు. రెండో ఏడు గ్రీకు గారికి ఒక చిన్న మాట. పై చదువు సంగతి తేలేలోగా ఆ పదపట్టిక సంపాదించి, ఎక్కువసార్లు వచ్చే మొదటి మూడు వందల పదాలు నోటికి పట్టండి. తరువాత మార్కు సువార్త మొదటి అధ్యాయం తీసుకుని, అడుగున ఎ అని ఉన్నవాటిని వదిలేసి, సి అని ఉన్నచోట మాత్రం ముందు మీ నిర్ణయం కాగితం మీద రాసుకుని, ఆపైన అయ్యగారి పుస్తకం అడిగి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో ఇక్కడ రాస్తే అందరం కలిసి చూద్దాం.